యంత్రాల లెక్క చెబుతున్నారు, మనుషుల లెక్క ఎప్పుడు చెబుతారు?

ఫ్రాన్స్‌లో లియాన్ నగరాన్ని ఆనుకుని ఉన్న వో-ఆన్-వెలాన్‌లో ఎడాప్ టీఎంఎస్ అనే వైద్య పరికరాల కంపెనీ ఉంది. 1979లో పుట్టి, కిడ్నీలో రాళ్ళను కోత లేకుండా తరంగాలతో పగలగొట్టే యంత్రాలతో నిలదొక్కుకున్న ఈ కంపెనీ, ఇప్పుడు తన భవిష్యత్తునంతా ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్సకు వాడే ఫోకల్ వన్ అనే రోబో యంత్రం మీద పెట్టుకుంది. 1997 నుంచి అమెరికాలోని నాస్‌డాక్ స్టాక్ మార్కెట్‌లో నమోదై ఉన్న ఈ సంస్థ మూడు నెలలకోసారి ఫలితాలు ప్రకటిస్తుంది. కొంతకాలంగా ఆ ప్రకటనలను వరుసగా చదువుతున్నాను. 2021లో సుమారు 4.4 కోట్ల యూరోలున్న మొత్తం ఆదాయం 2024 నాటికి సుమారు 6.4 కోట్లకు చేరింది. అమెరికాలో యంత్రాన్ని విస్తరించడానికి పెడుతున్న ఖర్చు వల్ల కంపెనీ ఇంకా నష్టాల్లోనే ఉంది, అయినా ప్రకటనల్లో ఉత్సాహం తగ్గదు. కొత్తగా ఎన్ని ఆసుపత్రులు యంత్రం తీసుకున్నాయి, చికిత్సల సంఖ్య కిందటి ఏడాదితో పోలిస్తే ఎంత శాతం పెరిగింది అన్న అంకెలు పైనే ఉంటాయి. చికిత్స చేయించుకున్నవారిలో ఏడాది తర్వాత ఎంతమందికి మళ్ళీ బయాప్సీ చేశారు, వారిలో ఎంతమందికి క్యాన్సర్ మిగిలి ఉందని తేలింది అన్నది మాత్రం నేను చదివిన ప్రకటనల్లో ఎక్కడా కనిపించలేదు.

వాటాదారుల కోసం రాసే కాగితాల్లో అలాంటి లెక్క ఉండాలని ఎందుకు కోరుకోవాలి అని ఎవరైనా అడగవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రోస్టేట్ గ్రంథి మొత్తం తీసేయకుండా క్యాన్సర్ ఉన్న భాగాన్నే కాల్చే ఈ చికిత్స వెనుక ఉన్న ఆలోచన సరైనదనీ, తగిన రోగికి ఇది నిజంగా మేలు చేస్తుందనీ నేను నమ్ముతున్నాను. అయితే చికిత్స విస్తరిస్తున్నంత వేగంగా దాని గురించిన రుజువు పోగుపడడం లేదు. ఆ వెలితిని పూడ్చవలసిన బాధ్యత యంత్రం అమ్మి లాభపడదలచిన కంపెనీకీ, దానికి డబ్బు చెల్లించే బీమా వ్యవస్థలకూ ఉంది. ఫ్రాన్స్ ఆ బాధ్యతను కొంతవరకు నెరవేర్చింది. అమెరికా నెరవేర్చలేదు.

ఆసుపత్రి గదిలో అడిగిన ప్రశ్న

నేను ఈ విషయాన్ని పట్టించుకోవడానికి కారణం న్యూజెర్సీలో ఉంటున్న మా బాబాయి. ప్రోస్టేట్ తయారుచేసే పీఎస్‌ఏ అనే ప్రోటీన్ రక్తంలో పెరగడం, ఎంఆర్‌ఐలో గ్రంథికి ఎడమవైపు చిన్న మచ్చ కనిపించడం, బయాప్సీలో క్యాన్సర్ తీవ్రతను చెప్పే గ్లీసన్ కొలత 3+4, అంటే మధ్యస్థ ప్రమాదం అని తేలడం, ఇవన్నీ ఒక్క వేసవిలోనే జరిగిపోయాయి. పిన్ని ఒక్కతే ఆయన వెంట తిరగలేకపోతుంటే, యూరాలజిస్టును కలిసిన రోజు నేను కూడా వెళ్ళాను.

డాక్టరు ఓపికగా వివరించారు. రోగికి మత్తు ఇచ్చి పక్కకు పడుకోబెడతారు. మలద్వారం గుండా ప్రోబ్‌ను లోపలికి పంపిస్తారు. ప్రేగు గోడ వేడెక్కకుండా దాని చుట్టూ చల్లని ద్రవం తిరుగుతూ ఉంటుంది. ముందుగా తీసిన ఎంఆర్‌ఐ బొమ్మను అప్పటికప్పుడు కనిపించే అల్ట్రాసౌండ్ బొమ్మతో జోడించి, ఎంత మేర కాల్చాలో డాక్టరు తెర మీద గీత గీస్తారు. ఆ తర్వాత బలమైన అల్ట్రాసౌండ్ తరంగాలను ఒక బిందువు దగ్గర కేంద్రీకరించి, బియ్యపు గింజంత మేరను ఒక్కసారిగా వేడెక్కించి చంపుతారు. యంత్రం జరుగుతూ, గింజ పక్కన గింజగా గీత లోపలి భాగమంతా పూర్తి చేస్తుంది. హైఫూ అని పిలిచే పద్ధతి ఇదే. ఎక్కడా కోత ఉండదు, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్తారు, మూత్రం గొట్టం కొన్ని రోజులు ఉంటుంది. అంగస్తంభన తగ్గే అవకాశం ఉందనీ, మూత్రం బిగపట్టినట్లయ్యే ఇబ్బంది రావచ్చనీ, క్యాన్సర్ తిరిగి వస్తే మళ్ళీ చేయాల్సి రావచ్చనీ ఆయన దాచకుండా చెప్పారు.

బాబాయి నా వైపు తిరిగి తెలుగులో, "ఒరే, కోత లేదు, రేడియేషన్ లేదు, సాయంత్రానికి ఇంటికి పోవచ్చంటున్నాడు. ఇంకా ఆలోచించడానికేముందిరా?" అన్నారు.

నేను డాక్టరును ఒకటే అడిగాను. ఏడాది తర్వాత మళ్ళీ బయాప్సీ చేయాలంటారు కదా, మీ దగ్గర ఈ చికిత్స చేయించుకున్నవాళ్ళలో ఎంతమంది అది చేయించుకున్నారు? ఆయన కాసేపు ఆగి, అందరికీ చెబుతామనీ, పీఎస్‌ఏ తగ్గి, ఎంఆర్‌ఐ బాగుంటే చాలామంది మళ్ళీ సూదులు పొడిపించుకోవడానికి ఇష్టపడరనీ, సంఖ్య ఎంతో చూసి చెప్పవలసి ఉంటుందనీ అన్నారు. ఆయన తప్పేమీ లేదు. ఉన్నది ఉన్నట్లు చెప్పారు. ఆ సంఖ్యను చేతిలో ఉంచుకోవలసిన అవసరం ఆయనకు గానీ, ఆయన ఆసుపత్రికి గానీ ఎవరూ కల్పించలేదు.

బయాప్సీ గురించి ఎందుకంత పట్టుబట్టానో చెప్పాలి. గ్రంథి మొత్తం తీసేస్తే రక్తంలో పీఎస్‌ఏ దాదాపు కనిపించకూడదు, కనిపించిందంటే ఏదో మిగిలి ఉన్నట్లే. గ్రంథిలో ఒక భాగాన్నే కాల్చినప్పుడు మిగిలిన భాగం మామూలుగానే పీఎస్‌ఏను తయారు చేస్తూ ఉంటుంది, కనుక ఎంత తగ్గితే చాలు అన్నదానికి అందరూ ఒప్పుకునే గీటురాయి లేదు. పైగా ప్రోస్టేట్ క్యాన్సర్ తరచుగా గ్రంథిలో ఒకటికన్నా ఎక్కువ చోట్ల ఉంటుంది. వాటిలో పెద్దదీ, చురుకైనదీ చంపితే సరిపోతుందన్నది ఈ చికిత్సకు ఆధారమైన నమ్మకం. ఆ నమ్మకం ఎంతమందిలో నిలిచిందో తెలియాలంటే మళ్ళీ సూదితో ముక్క తీసి చూడక తప్పదు.

అనుమతి వచ్చిన దారి

లియాన్‌లో ఈ పని మొదలైన తీరు గౌరవించదగ్గది. ఫ్రాన్స్ ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఇన్సెర్మ్‌కు చెందిన జాన్-ఈవ్ షాప్‌లోన్ బృందం, ఎడ్వార్ ఎరియో ఆసుపత్రి యూరాలజిస్టు ఆల్బేర్ జెలే, ఈ కంపెనీ కలిసి ఏళ్ళ తరబడి పనిచేశాక, 1993లో మొదటి రోగులకు చికిత్స చేశారు. అబ్లాథెర్మ్ అన్న పేరుతో ఐరోపాలో వ్యాపించిన యంత్రం ఆ శ్రమ ఫలితమే. ప్రభుత్వ ప్రయోగశాల, బోధనాసుపత్రి, కంపెనీ కలిసి ఒక పరికరాన్ని పుట్టించడం మన దగ్గరా జరగాలని కోరుకునే విషయం.

అమెరికా కథ వేరు. అక్కడ కంపెనీ మొదట ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చికిత్సగానే అనుమతి అడిగింది. పోల్చి చూడవలసిన రెండో వర్గంలో చేరడానికి రోగులు దొరకక ఆ ప్రయోగం నడవడమే కష్టమైంది. 2014 జులైలో, మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం ముందుకు వెళ్ళినప్పుడు ఆ రుజువు చాలదన్న మాటే వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో పోటీ యంత్రమైన సోనాబ్లేట్‌కూ అదే జరిగింది. మరుసటి ఏడాది అక్టోబరులో సోనాబ్లేట్‌కు, నవంబరులో అబ్లాథెర్మ్‌కు అనుమతి వచ్చింది, కాని క్యాన్సర్ చికిత్సగా కాదు. ప్రోస్టేట్ కణజాలాన్ని నాశనం చేసే పరికరంగా. కణజాలాన్ని నాశనం చేస్తుందని చూపడం తేలిక. ఆ నాశనం వల్ల రోగి బాగుపడ్డాడని చూపడం కష్టం. ముందు వచ్చిన యంత్రంతో సమానమని చూపిస్తే చాలన్న పద్ధతిలోనే 2018 జూన్‌లో ఫోకల్ వన్ కూడా లోపలికి వచ్చింది. 2021 జనవరి నుంచి ఈ చికిత్సకు ప్రత్యేక బిల్లింగ్ కోడ్ అమల్లోకి రావడంతో ఆసుపత్రులకు డబ్బు అందే దారి ఏర్పడింది. నేడు కంపెనీ చెబుతున్న పెరుగుదల ఈ దారి మీద కట్టినదే.

ఇక్కడ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది టూకాడ్ విషయం. కాంతితో పనిచేసే ఆ చికిత్స కూడా ప్రోస్టేట్‌లో కొంత భాగాన్నే నాశనం చేస్తుంది, అయితే అందులో మందు ఉంది కనుక మందుల దారిలో వెళ్ళవలసి వచ్చింది. దాని మీద 413 మందితో, లాటరీ పద్ధతిలో రోగులను విభజించిన ప్రయోగం జరిగింది, ఫలితాలు 2017లో అచ్చయ్యాయి. హైఫూ దగ్గర అప్పటికి అంతటి ప్రయోగం లేదు. అయినా 2020 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ సలహా సంఘం 13-2 ఓట్లతో టూకాడ్‌ను తోసిపుచ్చింది. అసలు చికిత్స అవసరమే లేని తక్కువ ప్రమాదపు రోగులకు దాన్ని ఇస్తున్నారన్నది అక్కడ వచ్చిన ముఖ్యమైన అభ్యంతరాల్లో ఒకటి. ఎక్కువ రుజువు తెచ్చినది బయట ఉండిపోయింది, తక్కువ రుజువున్నది ఆసుపత్రుల్లో ఉంది. టూకాడ్‌ను తోసిపుచ్చడం తప్పని నేను అనడం లేదు. అదే ప్రశ్నను యంత్రాలకూ వేయాలంటున్నాను.

దీనికి బలమైన ఎదురు వాదన ఉంది. ప్రోస్టేట్ క్యాన్సర్ నెమ్మదిగా నడిచే జబ్బు. బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ ప్రయోగంలో 1,643 మందిని ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి ఉండడం అన్న మూడు వర్గాలుగా చేసి 15 ఏళ్ళు గమనిస్తే, ఏ వర్గంలోనైనా ఈ క్యాన్సర్‌తో చనిపోయినవారు 2 నుంచి 3 శాతం చిల్లర మాత్రమే. ఇలాంటి జబ్బులో ప్రాణం కాపాడిందని నిరూపించాకే అనుమతి అంటే, రుజువు వచ్చేనాటికి ఆ యంత్రమే పాతబడిపోతుంది. రోబో ఆపరేషన్ కూడా అలా రాలేదు కదా అంటారు. నిజమే. డావిన్సీ రోబోకు ప్రోస్టేట్ ఆపరేషన్ల కోసం 2001లో అనుమతి వచ్చింది. దాన్ని చేత్తో చేసే ఆపరేషన్‌తో లాటరీ పద్ధతిలో పోల్చిన ఆస్ట్రేలియా ప్రయోగం మొదటి ఫలితాలు 2016లో గాని రాలేదు. వచ్చాక చూస్తే మూత్రం మీద అదుపులోనూ, అంగస్తంభనలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అప్పటికే ఆసుపత్రులు రోబోలు కొని ప్రకటనలు ఇచ్చి పదిహేనేళ్ళు గడిచిపోయాయి. ఎడాప్‌కు 2023 నుంచి సీఈఓగా ఉన్న రయాన్ రోడ్స్ డావిన్సీ తయారుచేసే ఇంట్యూటివ్ సర్జికల్‌లో పనిచేసి వచ్చినవారు. ఆ చరిత్ర ఆయనకు నాకన్నా బాగా తెలిసి ఉంటుంది. రోబో విషయంలో జరిగిన ఆలస్యాన్ని హైఫూ విషయంలో మళ్ళీ జరగనివ్వడానికి సాకుగా చూపడం నాకు సమ్మతం కాదు.

తెల్ల పంచె మానేసిన పెద్దాయన

అయితే ఈ చికిత్సను తేలిగ్గా తీసిపారేసేవారితోనూ నాకు పేచీ ఉంది. ఆపరేషన్ తర్వాత బతుకు ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవారు అలా మాట్లాడరు. విజయవాడలో మా నాన్నగారి స్నేహితుడొకరికి ప్రోస్టేట్ తీసేశారు. క్యాన్సర్ మళ్ళీ రాలేదు, అందరూ బాగైపోయిందనే అనుకున్నారు. ఆయన మాత్రం ఎప్పుడూ కట్టే తెల్ల పంచె మానేసి ముదురు రంగు ప్యాంట్లలోకి మారారు, పెళ్ళిళ్ళలో చివరి వరుసలో తలుపు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు, తిరుపతి ప్రయాణం ప్రతి ఏడూ ఏదో ఒక కారణం చెప్పి వాయిదా వేసేవారు. సంగతేమిటో ఆయన ఎవరికీ చెప్పలేదు. చాలా కాలానికి వాళ్ళావిడ మా అమ్మతో అంటే తెలిసింది. ప్రొటెక్ట్ ప్రయోగంలో ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఆరు నెలలకు 46 శాతం మంది, ఆరేళ్ళ తర్వాత కూడా 17 శాతం మంది ప్యాడ్లు వాడుతున్నారు. ఆ 17 శాతంలో ఒక మనిషి ఎలా ఉంటాడో నాకు ఆయన్ని చూస్తే అర్థమైంది.

హైఫూకు ఆకర్షణ రావడం అందుకే. అమెరికాలో అనుమతి రాకముందు అక్కడి రోగులు సొంత డబ్బుతో మెక్సికో, కెనడా, బహామాస్ వెళ్ళి మరీ చేయించుకున్నారంటే అది ప్రచారం వల్ల మాత్రమే అనుకోవడం ఆ మనుషుల భయాన్ని తక్కువ చేయడమే అవుతుంది.

ఇక్కడే నా ప్రధానమైన సందేహం ఉంది. హైఫూ చికిత్సలు పెరుగుతున్నాయంటే ఆ కొత్త రోగులు ఎక్కడినుంచి వస్తున్నారు? ఈ యంత్రం లేకపోతే ఆపరేషన్‌కో, రేడియేషన్‌కో వెళ్ళి ఉండేవారైతే, ఆ పెరుగుదల సంతోషించదగ్గదే. అలా కాకుండా, గ్లీసన్ 3+3 లాంటి తక్కువ ప్రమాదంతో ఏమీ చేయించుకోకుండా పీఎస్‌ఏ, ఎంఆర్‌ఐలతో కనిపెట్టి ఉండవలసినవారు, "కోత లేదు కదా, చేయించుకుంటే పోతుంది" అని వస్తున్నట్లయితే, ప్రతి అంకె వెనుక అనవసరంగా మత్తు తీసుకుని, గొట్టం పెట్టించుకున్న ఒక మనిషి ఉన్నాడు. చికిత్స తేలికైన కొద్దీ దాన్ని వద్దనడం కష్టమవుతుంది. అమెరికా యూరాలజీ సంఘం 2022 మార్గదర్శకాలు తక్కువ ప్రమాదపు క్యాన్సర్‌కు కనిపెట్టి ఉండడమే మేలంటున్నాయి. మధ్యస్థ ప్రమాదపు రోగులు ఈ చికిత్సలు కోరితే, ఇతర పద్ధతులతో పోల్చిన నాణ్యమైన సమాచారం లేదని వారికి చెప్పాలంటున్నాయి. కంపెనీ ప్రకటించే శాతాలు మాత్రం పై రెండు రకాల రోగులను ఒకే రాశిగా పోస్తాయి. పైగా బయాప్సీకి వాడే ఎగ్జాక్ట్‌వూ అనే అల్ట్రాసౌండ్ యంత్రాన్ని కూడా ఇదే కంపెనీ పంపిణీ చేసింది. జబ్బును కనిపెట్టే పరికరం, నయం చేసే పరికరం ఒకే అమ్మకందారు సంచిలో ఉన్నప్పుడు ఈ విభజన ఇంకా అవసరమవుతుంది.

బాబాయి హైఫూనే ఎంచుకున్నారు. నేను వద్దనలేదు. ఆయనది 3+4, ఒకవైపే ఉంది, ఎంఆర్‌ఐ చూపిన చోటే బయాప్సీలో బయటపడింది. కనిపెట్టి ఉండడమూ ఒక దారేనని డాక్టరు చెబితే, ఆ ఆందోళనతో తనకు నిద్ర పట్టదని ఆయన తేల్చేశారు. ఏడాది బయాప్సీ తప్పకుండా చేయించుకుంటానని పిన్ని ముందు ఒప్పుకున్నాకే సంతకం పెట్టారు. హైదరాబాద్ నుంచి మా బంధువులు ఫోన్ చేసి, ఇక్కడ కూడా ఇది దొరుకుతుందా అని అడగడం ఆ తర్వాత మొదలైంది. అడిగినవారిలో ఒకరికి అప్పటికే క్యాన్సర్ ఎముకలకు పాకింది. అలాంటి దశలో ఇది పనికిరాదని చెప్పడం నావల్ల కాక డాక్టరుతోనే మాట్లాడించాను. మన దగ్గర చాలామందికి జబ్బు తెలిసేదే ఆలస్యంగా కనుక, ఈ యంత్రం మనకు తీర్చగల అవసరం అమెరికాలో కన్నా చిన్నది.

డబ్బు ఇస్తూ లెక్క అడగడం

ఫ్రాన్స్ చేసినది నాకు నచ్చింది. 2014లో అక్కడి ప్రభుత్వం కొత్త పద్ధతులకు ఇచ్చే ప్రత్యేక నిధి కింద హైఫూకు డబ్బు చెల్లించడానికి ఒప్పుకుంది, అయితే ఫలితాలు నమోదు చేయాలన్న షరతు పెట్టింది. అలా వచ్చినదే హైఫై అధ్యయనం. 46 కేంద్రాల్లో 3,328 మంది రోగులు, వారిలో 1,967 మందికి హైఫూ, 1,361 మందికి ఆపరేషన్. ముప్పై నెలలకు మళ్ళీ వేరే చికిత్స అవసరం పడనివారు హైఫూ వర్గంలో 90 శాతం, ఆపరేషన్ వర్గంలో 86 శాతం. మూత్రం మీద అదుపు హైఫూ వర్గంలో మెరుగ్గా నిలిచింది. ఈ ఫలితాన్ని కంపెనీ గర్వంగా చెప్పుకుంటుంది, చెప్పుకోవలసిందే.

కాని అది అన్ని సందేహాలనూ తీర్చలేదు. ఎవరికి ఏ చికిత్స అన్నది లాటరీ పద్ధతిలో తేల్చలేదు. హైఫూ వర్గం సగటు వయసు దాదాపు 75, ఆపరేషన్ వర్గం వయసు 65. పదిహేనేళ్ళ తర్వాత కూడా మరణాలు మూడు శాతానికి అటూ ఇటూ ఉండే జబ్బులో ముప్పై నెలలు చిన్న కాలం. బ్రిటన్ కేంద్రాలనుంచి 2018లో వచ్చిన అధ్యయనంలో 625 మందిలో ఐదేళ్ళకు విఫలం కానివారు 88 శాతం అన్నారు. 2022లో 1,379 మందితో వచ్చినదాంట్లో ఏడేళ్ళకు అది 69 శాతం. ఈ రెండు వర్గాలూ సరిగ్గా ఒకటి కావు కనుక ఒకే గీత మీద పెట్టి చూడకూడదు. అయినా కాలం గడిచేకొద్దీ ఏమవుతుందో చివరిదాకా చూడనిదే చెప్పలేమన్నది స్పష్టమే.

నేను కోరేది ఈ చికిత్సను ఆపమని కాదు. కొన్ని ఆసుపత్రులకు కంపెనీ యంత్రాన్ని అమ్మకుండా, చేసిన ప్రతి చికిత్సకూ ఇంత అని వసూలు చేస్తుంది. యంత్రం ఎక్కడ, ఎన్నిసార్లు పనిచేసిందో తెలిసిన సంస్థ, చికిత్సకు ముందు గ్లీసన్ ఎంతో, ఏడాదికి బయాప్సీ అయిందో లేదో, అయితే ఏం తేలిందో పేర్లు లేకుండా ఒక రిజిస్ట్రీలో చేరేలా చూడగలదు. ఆసుపత్రులకు అదనపు పని అవుతుంది, రోగులు కొందరు రారు, ఫలితాలు అంత బాగుండకపోతే వాటా ధర పడుతుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయినా అమెరికాకు దారి తెలియనిది కాదు. తొడ రక్తనాళం గుండా గుండె కవాటం మార్చే టావర్ చికిత్సకు 2012లో, ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ చెల్లింపు మొదలుపెట్టినప్పుడు, ప్రతి రోగి వివరాలూ జాతీయ రిజిస్ట్రీలో చేరితేనే డబ్బు అన్న షరతు పెట్టింది. ఆసుపత్రులు ఆ షరతుకు ఒప్పుకున్నాయి, కవాటాలు తయారు చేసే కంపెనీల వ్యాపారమూ పెరిగింది. ప్రోస్టేట్ హైఫూకు అదే షరతు పెట్టడానికి కొత్త చట్టమేదీ అవసరం లేదు. మెడికేర్ చేతిలో ఉన్న పాత పద్ధతి చాలు.